రచయిత వచ్చేనాటికి అందరూ చదివి ఉండాలి: బెంగళూరులో సామూహిక నవలా పఠనం నిర్వహించే విధానం

మా గ్రంథాలయం తొలిసారి ఒక నవలా రచయిత్రిని బెంగళూరుకు ఆహ్వానించినప్పుడు సభ నిండిపోయింది. కుర్చీలు చాలక వెనుక గోడకు ఆనుకొని నిలబడినవారు కూడా ఉన్నారు. ఆమె మైకు అందుకొని, "నవల చదివినవారు ఒకసారి చెయ్యెత్తుతారా? ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో నాకు తెలుస్తుంది" అని అడిగారు. పదకొండు చేతులు లేచాయి. వాటిలో నాలుగు మా కార్యవర్గ సభ్యులవే. ఆమె నొచ్చుకోలేదు, కథ ఏమిటో తామే క్లుప్తంగా చెప్పి, చదవనివారికి బోధపడే నాలుగు మాటలు మాట్లాడి, శాలువా కప్పించుకొని రాత్రి రైలుకు వెళ్లిపోయారు. తప్పు శ్రోతలది కాదు. నెల రోజుల ముందు నుంచీ మేము పోస్టర్లు అంటించామే తప్ప పుస్తకాలు పంచలేదు.

ఆ మరుసటి సంవత్సరం నుంచి మేము పద్ధతి మార్చుకొన్నాము. రచయిత రాకను కార్యక్రమానికి ఆరంభంగా కాక ముగింపుగా పెట్టుకొని, దానికి ముందు ఆరు వారాల పాటు ఒకే నవలను వీలైనంత ఎక్కువమంది చేత చదివించడం మొదలుపెట్టాము. ఇలాంటి పని తలపెట్టిన గ్రంథాలయాలకు, తెలుగు సంఘాలకు, అపార్ట్‌మెంట్ అసోసియేషన్లకు ఉపయోగపడుతుందన్న ఉద్దేశంతో మా అనుభవాన్ని ఇక్కడ వరుసగా వివరిస్తున్నాను.

ఒక ఊరంతా ఒకే పుస్తకం చదవాలన్న ఆలోచన ఈ రూపంలో 1998లో అమెరికాలోని సియాటిల్ నగర గ్రంథాలయంలో మొదలైంది. నాన్సీ పెర్ల్ అనే గ్రంథాలయాధికారి ఒక నవలను ఎంచుకొని, నగరవాసులందరినీ దానినే చదవమని కోరి, చిన్న చిన్న బృందాలుగా చర్చలు జరిపించి, ఆ నవలా రచయితను అక్కడికి రప్పించారు. 2001లో షికాగో నగరం దానిని అందుకొంది. ఆ తరువాత ఎన్నో ఊళ్లు అనుసరించాయి. అయితే పదిమంది కూడి ఒక పుస్తకం చదవడం మనకు కొత్తేమీ కాదు. ఒకరు చదువుతుంటే ఊరు కూర్చుని వినే పురాణ కాలక్షేపం మన పల్లెల్లో ఉండేది. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పడిన తరువాత అయ్యంకి వెంకటరమణయ్య గారి వంటివారు ఊరూరా గ్రంథాలయాలు పెట్టించిన రోజుల్లో, అక్షరం రానివారి కోసం బిగ్గరగా చదివి వినిపించడం కూడా గ్రంథాలయం చేయవలసిన పనుల్లో ఒకటిగా ఉండేది. ఈ సంగతిని ఊరికే గొప్పకు చెప్పడం లేదు. బెంగళూరులో ఈ కార్యక్రమం నిలబడేదీ పడిపోయేదీ ఆ చదివి వినిపించడం దగ్గరే.

ఎవరు చదువుతారు?

పుస్తకం ఎంచుకోవడానికి ముందు పాఠకులెవరో తెలుసుకోవాలి. బెంగళూరు తెలుగువారిని ఒకే గుంపుగా భావిస్తే మొదటి వారంలోనే దెబ్బతింటారు. స్థూలంగా మూడు రకాల ఇళ్లు కనిపిస్తాయి. ఉద్యోగాల కోసం గత ఇరవై, పాతికేళ్లలో వచ్చి మారతహళ్లి, వైట్‌ఫీల్డ్, కె.ఆర్.పురం, బెళ్లందూరు వైపు స్థిరపడినవారు మొదటివారు. వీరికి తెలుగు చదవడం వచ్చు, సమయం దొరకదు. వీరి పిల్లలు రెండో రకం. తెలుగు చక్కగా మాట్లాడతారు, అక్షరాలు గుర్తుపట్టలేరు. మూడోవారిని చాలామంది నిర్వాహకులు అసలు లెక్కలోకే తీసుకోరు. తరతరాలుగా బెంగళూరులో, కోలారు ప్రాంతంలో, ఆనేకల్ పరిసరాల్లో ఉంటున్న తెలుగు కుటుంబాలవారు వీరు. ఇంట్లో మాట తెలుగు, బడిలో నేర్చిన లిపి కన్నడం. తెలుగు నవల చేతికిస్తే, "నాకు మీ అక్షరాలు రావమ్మా" అని మర్యాదగా తిరిగి ఇచ్చేస్తారు. కాని నవలలోని పల్లె గురించి, పంట గురించి, పలుకుబడి గురించి తక్కిన ఇద్దరికంటె వీరికే ఎక్కువ తెలిసి ఉండడం నేను మళ్లీ మళ్లీ గమనించాను.

కాబట్టి పేర్లు నమోదు చేసుకొనే కాగితంలో పేరు, పేట, ఫోను నంబరుతో పాటు ఒక ప్రశ్న తప్పక చేర్చండి: "మీరు తెలుగు అక్షరాలు చదువుతారా, కన్నడ అక్షరాలు చదువుతారా, వినడానికి ఇష్టపడతారా?" ఈ ఒక్క జవాబును బట్టే ఎన్ని ప్రతులు కొనాలి, ఎన్ని చోట్ల పఠన సమావేశాలు పెట్టాలి, ఎవరికి ఏ సాయం కావాలి అన్నవి తేలుతాయి. మద్రాసు విశ్వవిద్యాలయంలో గ్రంథాలయాధికారిగా పనిచేసి, చివరి రోజులు ఈ బెంగళూరులోనే గడిపిన ఎస్.ఆర్.రంగనాథన్ గారు 1931లో ప్రకటించిన అయిదు సూత్రాలలో "ప్రతి పాఠకుడికీ తన పుస్తకం" అన్నది ఒకటి. ఇక్కడ పుస్తకం అందరికీ ఒకటే అయినా, అది అందే దారి మాత్రం ఒక్కొక్కరికి ఒక్కొక్కటి.

నవల ఎంపిక

ఎంపిక సంఘంలో అయిదుగురు చాలు. అందులో ఒకరు తప్పనిసరిగా పుస్తకాలు ఎక్కువగా చదవని వ్యక్తి అయి ఉండాలి. సాహిత్యాభిమానులు అయిదుగురు కూర్చుంటే తమకు నచ్చిన క్లిష్టమైన నవలను ఎంచుకొని, ఊరు దానిని చదవలేదని ఆ తరువాత బాధపడతారు. పరిశీలనకు వచ్చిన మూడు నాలుగు నవలలను అయిదుగురూ ఆసాంతం చదివిన తరువాతే నిర్ణయం జరగాలి. సమీక్షలు చదివి, రచయిత పేరు చూసి ఓటు వేయడం ఈ పనిలో అన్నిటికంటె సాధారణమైన పొరపాటు.

నూట యాభై నుంచి రెండు వందల యాభై పుటల లోపు నవల అనువైనది. అంతకు మించితే ఉద్యోగస్థులు సగంలో వదిలేస్తారు, సగంలో వదిలేసినవారు సభకు రావడానికి మొహమాటపడతారు. సినిమాగా వచ్చిన నవలను నేను వద్దంటాను. ఎంత మంచిదైనా సరే, సినిమా చూసి వచ్చి నవల గురించి మాట్లాడేవారు చర్చను చెడగొడతారు. రచయిత ప్రయాణం చేయగల స్థితిలో ఉన్నారా, పుస్తకం అచ్చులో ఉందా అన్న రెండు విషయాలు నిర్ణయానికి ముందే తేల్చుకోవాలి. తెలుగు నవలలు చాలావరకు ఒక ముద్రణకు అయిదు వందలో వెయ్యో ప్రతులుగానే వెలువడతాయి. మనకు నచ్చిన నవల మార్కెట్లో దొరకకపోవడం విడ్డూరమేమీ కాదు. ప్రచురణకర్తకు ముందుగా చెబితే, కచ్చితమైన సంఖ్యలో ఆర్డరు ఉందన్న ధైర్యంతో పునర్ముద్రణకు పూనుకోవచ్చు. అందుకు కనీసం రెండు మూడు నెలల వ్యవధి అవసరం.

మాండలికంలో రాసిన నవల అయితే కష్టమవుతుందేమోనని కొందరు జంకుతారు. నా అభిప్రాయం అందుకు విరుద్ధం. రాయలసీమ పలుకుబడితో నడిచే నవల బెంగళూరుకు బాగా ఒదుగుతుంది. ఇక్కడి పాత తెలుగు కుటుంబాల భాష దానికి దగ్గరి చుట్టం. తెలియని మాటలకు ఒక పుట అర్థాల పట్టిక తయారుచేసి ప్రతి పుస్తకంలో పెడితే కోస్తా పాఠకుల ఇబ్బంది తీరుతుంది. కులాల ప్రస్తావన, హింస, ఎవరినైనా నొప్పించగల సన్నివేశాలు ఉన్న నవలను పక్కన పెట్టనక్కర లేదు. అయితే బృంద నాయకులందరూ ముందుగా కూర్చుని ఆ పుటల గురించి మాట్లాడుకొని ఉండాలి. సమావేశంలో మాట తూలితే ఎవరు ఎలా అడ్డుకోవాలో అప్పటికప్పుడు తోచదు.

ప్రతుల లెక్క

ఈ లెక్కలోనే చాలా కార్యక్రమాలు తప్పుతాయి. ఆరు వారాలంటే నలభై రెండు రోజులు. ఒక పాఠకునికి పన్నెండు రోజుల గడువు ఇస్తే ఒక ప్రతి ముగ్గురి చేతుల్లోకి వెళ్లగలదు. మిగిలిన ఆరు రోజులూ ఆలస్యాలకు, చేతులు మారడానికి సరిపోతాయి. నూట యాభై మంది పాఠకులు కావాలనుకొంటే యాభై ప్రతులు ఉండాలన్నమాట. పుస్తకం వెల రెండు వందల రూపాయలు అనుకొంటే పది వేలు. తొలి ఏడు మేము పూలదండలకు, బ్యానర్లకు, వేదిక అలంకరణకు పెట్టిన ఖర్చు ఇంతకంటె ఎక్కువే. సొంత ప్రతి కొనుక్కోగలిగినవారిని కొనుక్కోమని నిస్సంకోచంగా అడగవచ్చు. ప్రచురణకర్త దగ్గర ఒకేసారి ఎక్కువ ప్రతులు తీసుకొంటే తగ్గింపు లభిస్తుంది కనుక, ఆ తగ్గింపు ధరకే సభ్యులకు అందించవచ్చు.

పుస్తకాలను గ్రంథాలయం బల్ల మీద పెట్టి కూర్చుంటే కదలవు. అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లో అయిదు, సెక్యూరిటీ గది పక్కన రెండు, కిరాణా దుకాణంలో రెండు, సంగీత పాఠశాలలో మూడు, ఇలా పేటకొక ఇంటి చిరునామా పెట్టుకొని పంచాలి. ఒక్కొక్క చోట ఒక్కొక్కరు బాధ్యులు కావాలి, వారి దగ్గర ఒక చిన్న రిజిస్టరు ఉండాలి. ప్రతి పుస్తకం లోపలి అట్టకు ఒక చీటీ అంటించండి. దాని మీద తిరిగి ఇవ్వవలసిన తేదీ, తరువాత ఎవరికి అందించాలన్న వివరంతో పాటు రెండు గడులు ఉంచండి: చదివినవారి పేట, వారు ఆగి మళ్లీ చదివిన పుట సంఖ్య. పేరు రాయనక్కర లేదు. ఈ చీటీ మొదట మాకు సరదా ఆలోచనగానే తోచింది. కాని తరువాతి పాఠకుడు పుస్తకం తెరవగానే, "ముందు ఇద్దరు చదివారు, ఇద్దరూ 87వ పుట దగ్గర ఆగారు" అని తెలిస్తే ఆ పుట వరకైనా వెళ్లి తీరుతాడు.

పీడీఎఫ్ గురించి ఒక మాట గట్టిగానే చెప్పాలి. నమోదు మొదలైన మూడో రోజుకే వాట్సాప్ గ్రూపులో ఎవరో ఒకరు, "ఎందుకు శ్రమ, ఫైలు పెడతాను" అంటారు. రచయిత జీవించి ఉండగా, మన ఆహ్వానం మీద వస్తూ ఉండగా, ఆ రచయిత పుస్తకాన్నే దొంగప్రతిగా పంచిపెట్టడం మర్యాద కాదు, చట్టసమ్మతమూ కాదు. 1957 నాటి కాపీరైటు చట్టం ప్రకారం రచయిత జీవితకాలం, ఆ తరువాత అరవై సంవత్సరాలు హక్కులు కొనసాగుతాయి. ప్రచురితమైన రచన నుంచి సహేతుకమైన మేరకు కొంత భాగాన్ని బహిరంగంగా చదవడానికి అదే చట్టంలోని 52వ సెక్షను వీలు కల్పిస్తుంది. నవలను మొత్తంగా వారం వారం చదివి వినిపించాలన్నా, ఆడియోగా రికార్డు చేయాలన్నా, కొన్ని అధ్యాయాలను కన్నడ లిపిలోకి మార్చి ఇవ్వాలన్నా హక్కుదారుల అనుమతిని రాతపూర్వకంగా తీసుకోండి. మేము అడిగినప్పుడు రచయిత్రి ఒక్క వాక్యంలో ఒప్పుకొన్నారు. ఆరు వారాల తరువాత రికార్డింగులను తొలగించాలన్నది మాత్రమే వారి షరతు. చూపు లేనివారికి అందుబాటు రూపంలో పుస్తకం సిద్ధం చేయడానికి 2012 సవరణ ప్రత్యేకమైన మినహాయింపు ఇచ్చింది. మీ పేటలో అలాంటి పాఠకులుంటే వారిని మరవకండి.

రచయితకు రాసే లేఖ

ఫోనులో మాట్లాడుకొన్నా, ఆ తరువాత లేఖ రాయాలి. లేఖలో పొగడ్త ఒక వాక్యానికి మించకుండా చూసుకొని, మిగిలిన చోటంతా వివరాలకు కేటాయించండి. మేము పంపిన లేఖలో ప్రధాన భాగం ఇలా ఉండేది:

"అమ్మా, నమస్కారం. మీ నవలను జూలై రెండో వారం నుంచి ఆరు వారాల పాటు మా ప్రాంతంలోని సుమారు నూట యాభై మంది చదవబోతున్నారు. ఆగస్టు చివరి ఆదివారం ఉదయం పదిన్నర నుంచి పన్నెండున్నర వరకు పాఠకులతో మీ ముఖాముఖి ఏర్పాటు చేయాలని మా కోరిక. మీరు పావుగంట చదివి వినిపించి, ముప్పావుగంట ఒక పాఠకురాలితో సంభాషించి, మిగిలిన సమయం ప్రశ్నలకు జవాబులిస్తే చాలు. ఉపన్యాసం సిద్ధం చేసుకోనక్కర లేదు. రానుపోను రైలు టికెట్లు, రెండు రాత్రుల వసతి, గౌరవ పారితోషికంగా ఇంత మొత్తం మేము సమర్పించుకొంటాము. శనివారం మీకు పూర్తి విశ్రాంతి. మీ ఆహార నియమాలు, మందుల వేళలు, మెట్లు ఎక్కడంలో ఇబ్బంది ఏమైనా ఉంటే దయచేసి తెలియజేయండి."

పారితోషికం ఎంతో లేఖలో అంకెతో సహా రాయాలి. "మీకు తోచినంత" అనడం వినయంలాగా కనిపించినా, అడగలేని స్థితిలో ఉన్న రచయితను ఇరకాటంలో పెడుతుంది. డబ్బు తక్కువగా ఉంటే తక్కువని చెప్పండి, చాలామంది అర్థం చేసుకొంటారు. ఖర్చులకు బిల్లులు పంపమని రచయితను అడగకుండా టికెట్లు మీరే కొనడం ఉత్తమం. స్టేషనుకు ఎవరు వెళ్తారో, వారి ఫోను నంబరు ఏమిటో రెండు రోజుల ముందే పంపాలి. యశ్వంతపురలో దిగుతారో, మెజెస్టిక్ పక్కనున్న ప్రధాన స్టేషనులో దిగుతారో, బయ్యప్పనహళ్లి టెర్మినల్‌లో దిగుతారో సరిచూసుకోకపోతే, ఆహ్వానించడానికి వెళ్లినవారు ఒకచోట, అతిథి ఒకచోట ఉంటారు. మాకు ఒకసారి అలాగే జరిగింది. పెద్దావిడ ప్లాట్‌ఫారం మీద ముప్పావుగంట ఒంటరిగా కూర్చున్నారు.

వచ్చారు కదా అని ఉదయం కళాశాలలో, మధ్యాహ్నం సంఘంలో, సాయంత్రం ఎవరి ఇంట్లోనో మూడు సభలు పెట్టడం మన దురలవాటు. ఒక రోజుకు ఒక సభ చాలు.

ఆరు వారాలు

తేదీల విషయంలో బెంగళూరు ప్రత్యేకత ఒకటుంది. సంక్రాంతికి, దసరాకు, ఉగాదికి తెలుగువారు ఊరు ఖాళీ చేసి వెళ్లిపోతారు. మార్చిలో పిల్లల పరీక్షలు, ఏప్రిల్, మే నెలల్లో సెలవుల ప్రయాణాలు. నవంబరు ఆరంభంలో కన్నడ రాజ్యోత్సవ కార్యక్రమాల వల్ల హాళ్లు దొరకడం కష్టం. జూలై మధ్యలో మొదలుపెట్టి, గిడుగు రామమూర్తి జయంతి అయిన ఆగస్టు 29కి దగ్గరి ఆదివారం ముగించడం మాకు అనువుగా ఉంది. వినాయక చవితి ఎప్పుడు పడుతుందో మాత్రం ముందే పంచాంగం చూసుకోవాలి. మరో మంచి అవకాశం నవంబరు 14 నుంచి 20 వరకు జరిగే జాతీయ గ్రంథాలయ వారోత్సవాలు.

మొదటి వారం పుస్తకాల పంపిణీకే సరిపోతుంది. రెండో వారం నుంచి పేటల్లో చిన్న సమావేశాలు మొదలవ్వాలి. ఒక్కొక్క సమావేశానికి ఎనిమిది నుంచి పన్నెండు మంది, గంటన్నర సమయం. అంతకు మించి జనం వస్తే రెండుగా విడదీయండి. పదిహేనో వ్యక్తి వచ్చిన క్షణం నుంచి సంభాషణ ఉపన్యాసంగా మారుతుంది. బృంద నాయకుడు విమర్శకుడు కానక్కర లేదు, వినగలిగినవాడైతే చాలు. తొలి పావుగంట అందరూ మౌనంగా ఉండడం సహజం. అప్పుడు, "నవల ఎలా ఉంది?" అని అడిగితే, "బాగుందండీ" అన్న జవాబు వస్తుంది, అక్కడితో ఆగిపోతుంది. దానికి బదులు, "మీరు గీత గీసుకొన్న వాక్యం ఒకటి చదవండి" అని వరుసగా అందరినీ అడగండి. ఒకే వాక్యాన్ని ఇద్దరు చదివితే ఎందుకని అడగవచ్చు, ఎవ్వరూ చదవని ముఖ్యమైన సన్నివేశం ఉంటే దాని దగ్గరికి తీసుకువెళ్లవచ్చు. నవల పూర్తి చేయనివారిని ముందే ఒక మాట అడిగి, వారు ఎక్కడి వరకు చదివారో అక్కడి వరకే మొదటి గంట మాట్లాడుకోవాలి. ముగింపు గురించి మాట్లాడవలసి వస్తే చివరి అరగంటలో.

చదివి వినిపించే సమావేశాలు దీనికి భిన్నం. ఆదివారం సాయంత్రం, ఒక గంట, ఒక అధ్యాయం. చదివేవారు ఇద్దరు ముగ్గురు మారుతూ ఉండాలి. కె.ఆర్.పురంలో ఒక అపార్ట్‌మెంట్ నేలమాళిగలో జరిగిన అలాంటి సమావేశం నాకు బాగా గుర్తు. గోదావరి జిల్లా నుంచి వచ్చిన ఇరవై ఎనిమిదేళ్ల ఇంజనీరు చదువుతున్నాడు. ఒక రైతు తెల్లవారకముందే లేచి "కయ్య" వైపు నడిచాడన్న వాక్యం దగ్గర అతడు ఆగి, "పాపం, ఎవరితోనో గొడవకు బయలుదేరాడు" అన్నాడు. మూల కుర్చీలో కూర్చున్న, కోలారు వైపు ముళబాగిలుకు చెందిన పెద్దావిడ పకాలున నవ్వారు. "కయ్యమంటే జగడం నాయనా. కయ్యంటే మడి. నీళ్లు కట్టను పోతాండాడు ఆయప్ప." అతడు ఆ పుటకు అడ్డంగా వేలు పెట్టి, "మామ్మగారూ, అయితే ముందు అధ్యాయంలో కూడా తప్పే చదివాను, మళ్లీ మొదలుపెట్టనా?" అని అడిగాడు. ఆవిడ అక్షరం చూడకుండానే ఆ రోజు నుంచి ఆ సమావేశానికి పెద్దదిక్కు అయ్యారు. అర్థాల పట్టికను మేము ఆవిడతో కూర్చుని తిరగరాశాము.

కన్నడ లిపి వచ్చినవారికి తెలుగు లిపి నేర్పడం అనుకొన్నంత కష్టం కాదు. రెండూ ఒకే పాత లిపి నుంచి విడిపోయినవి. చాలా అక్షరాల ఒడ్డూపొడవూ ఒకటే. తడబాటు వచ్చేది మూడు చోట్ల అని మేము గమనించాము. మొదటిది తలకట్టు: కన్నడంలో అడ్డంగా పరుచుకొనే గీత తెలుగులో టిక్కు గుర్తులా పైకి లేస్తుంది. రెండోది దీర్ఘాలు: కీ, కే, కో వంటి చోట్ల కన్నడం దీర్ఘాన్ని అక్షరం పక్కన విడిగా రాస్తుంది, తెలుగు పైనున్న గుర్తులోనే కలిపేస్తుంది. మూడోది రేఫ, అంటే హల్లుకు ముందు పలికే "ర్": "కర్త", "మార్గం" వంటి మాటల్లో కన్నడం నేటికీ హల్లు తరువాత ప్రత్యేకమైన గుర్తు పెడుతుంది, తెలుగులో ఆ వలపలగిలక పాత అచ్చు పుస్తకాలకే మిగిలిపోయింది. ఈ మూడింటినీ నవలలోని మాటలతోనే ఒక పుటలో చూపించే పట్టిక వేయించి పంచండి. శ్రద్ధ ఉన్నవారు రెండు వారాల్లో కూడబలుక్కొని చదువుతారు. పిల్లలకు ఈ పట్టిక పనికిరాదు. వారికి వినడం, తమకు నచ్చిన పాత్రను బొమ్మగా గీయడం, ఒక సంభాషణను నటించడం నప్పుతాయి.

సభ రోజు

వేదిక ఎంపికలో ప్రయాణమే మొదటి ప్రశ్న. శనివారం సాయంత్రం అయిదింటికి సభ అంటే ట్రాఫిక్ రద్దీకి పేరుపడ్డ సిల్క్ బోర్డు కూడలి దాటి ఎవరూ రారు. ఆదివారం ఉదయం మేలు. వయ్యాలికావల్‌లోని తెలుగు విజ్ఞాన సమితి ప్రాంగణం తెలుగువారికి చిరపరిచితం. వైట్‌ఫీల్డ్ వైపు నుంచి వచ్చేవారు మెట్రో పర్పుల్ లైనులో మెజెస్టిక్ వరకు వచ్చి, గ్రీన్ లైను మారి సంపిగె రోడ్డులో దిగితే అక్కడి నుంచి ఆటోకు దగ్గరే. బసవనగుడిలో 1945 నుంచి నడుస్తున్న ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ వరల్డ్ కల్చర్ వంటి చోట్ల గ్రంథాలయం, సభామందిరం ఒకే ఆవరణలో ఉండడం ఇలాంటి సభకు ఒక అందం. ఏ హాలైనా రెండు నెలల ముందు మాట్లాడుకోవాలి.

వేదిక మీద రెండు కుర్చీలు మాత్రమే వేయండి. ఈ ఒక్క నియమం పాటించడానికి మీకు ఎంత ధైర్యం కావాలో నాకు తెలుసు. విరాళమిచ్చినవారు, సంఘాధ్యక్షులు, ముఖ్య అతిథి, విశిష్ట అతిథి, ఆత్మీయ అతిథి అందరూ ముందు వరుసలో కూర్చోవచ్చు, వారి పేర్లు స్వాగత వాక్యాల్లో చదవవచ్చు. మా తొలి సభలో ఒక పెద్దమనిషి పుస్తకం తెరవకుండానే నలభై నిమిషాలు తెలుగు భాష గొప్పతనం గురించి మాట్లాడారు. ప్రశ్నలకు కేటాయించిన సమయమంతా అందులోనే కరిగిపోయింది. సన్మానం చివర, అయిదు నిమిషాల్లో, ఒకే శాలువాతో ముగియాలి. నిజానికి శాలువా కంటె ఆ ఆరు వారాల చర్చల్లో వచ్చిన మంచి ప్రశ్నలను చేతిరాతతో పొందుపరిచిన ఒక చిన్న నోటుపుస్తకం రచయితకు ఎక్కువ ఆనందం కలిగించింది.

రచయితతో సంభాషించేవారు బృంద నాయకుల్లో ఒకరు కావాలి. బయటి నుంచి పేరున్న వ్యక్తిని పిలవనక్కర లేదు. మొదటి ప్రశ్న నవలలోని ఒక నిర్దిష్టమైన పుట గురించి ఉండాలి. "మీకు స్ఫూర్తి ఎవరు?", "ఇది మీ సొంత కథేనా?" అన్న రెండు ప్రశ్నలను రచయితలు కొన్ని వందలసార్లు విని ఉంటారు. శ్రోతల ప్రశ్నలను చీటీల మీద రాయించుకొంటే రెండు లాభాలు: ప్రశ్న పేరుతో సాగే ప్రసంగాలు ఆగుతాయి, మైకు పట్టుకోవడానికి బిడియపడే గృహిణులు, పిల్లలు కూడా అడగగలుగుతారు. చీటీని కన్నడంలో రాసినా తీసుకోండి, చదివి వినిపించేవారు ఉంటారు. మైకులు రెండు, అదనపు బ్యాటరీలు, వేదిక మీద గోరువెచ్చని నీళ్లు. సంతకాల వరుసలో ప్రతి ఒక్కరి చేతికి ముందే ఒక కాగితం ముక్క ఇచ్చి, పేరు స్పష్టంగా రాసి పుస్తకంలో పెట్టుకోమంటే, "మీ పేరులో ష ఏ ష?" అన్న ప్రశ్న లేకుండా వరుస సాగిపోతుంది. పుస్తకాల బల్ల ద్వారం దగ్గర ఉండాలి, చిల్లర ఉండాలి, యూపీఐ కోడు పెద్దదిగా అచ్చువేసి ఉండాలి.

సభ తరువాత

జమాఖర్చుల వివరాన్ని వారం రోజుల్లో అందరికీ పంపాలి. పంచిన ప్రతుల్లో కొన్ని తిరిగిరావు. మా అనుభవంలో పోయినవి తక్కువ. ఒకరి నుంచి ఇంకొకరికి, అక్కడి నుంచి వాళ్ల అక్కగారి ఊరికి వెళ్లినవే ఎక్కువ. వాటి కోసం ఒకసారి గుర్తుచేసి ఊరుకోండి. తిరిగివచ్చిన వాటిలో పది ప్రతులు మీ గ్రంథాలయంలో ఉంచుకొని, మిగిలినవి వేరే పేటలోని గ్రంథాలయానికో, వచ్చే ఏడు కార్యక్రమం జరపాలనుకొంటున్న మరో సంఘానికో ఇవ్వవచ్చు. ఇచ్చేముందు అట్ట లోపలి చీటీలను జాగ్రత్తగా ఊడదీయండి. పేటల పేర్లు, పుటల సంఖ్యలు ఉన్న ఆ చీటీల నకళ్లను కృతజ్ఞతా లేఖతో పాటు రచయితకు పంపాలి. మేము పంపిన పది రోజులకు మా రచయిత్రి ఫోను చేశారు. నలభై ఏడు చీటీల్లో పంతొమ్మిదింటి మీద 112వ పుట ఉందని లెక్కపెట్టారట. ఆ పుటను మొదటి ముద్రణకు ముందు తీసివేద్దామనుకొన్నానని చెప్పి, చీటీల అసలు ప్రతులు ఇవ్వగలమా అని అడిగారు. మరునాడే కొరియరులో వేశాము.